ఫెడరల్ బ్యాడ్జి, రాష్ట్ర చట్టం: అరెస్టు అధికారం ఎక్కడిది, రక్షణ ఎంతవరకు

డాలస్‌లో ఒక గ్యాస్ స్టేషన్ దగ్గర ఒకడు ఇంకొకణ్ణి కత్తితో పొడుస్తున్నాడనుకుందాం. పక్క పంపు దగ్గర డీఈఏ (ఫెడరల్ మాదకద్రవ్యాల నిరోధక సంస్థ) ఏజెంటు ఉన్నాడు. నడుముకు తుపాకి, జేబులో బ్యాడ్జి. వెళ్ళి ఆ కత్తి పట్టినవాణ్ణి అదుపులోకి తీసుకోవచ్చా? తీసుకోవచ్చని ఎవరైనా చెబుతారు. ఏ సెక్షన్ కింద అని అడిగితేనే చిక్కు మొదలవుతుంది. కత్తిపోటు టెక్సస్ రాష్ట్ర నేరం. ఆ ఏజెంటుకు జీతమిస్తున్నది మాదకద్రవ్యాల మీద ఉన్న ఫెడరల్ చట్టాలను అమలు చేయడానికి.

దీని వెంటే ఇంకో ప్రశ్న వస్తుంది. పట్టుకునేటప్పుడు తుపాకి పేలి ఎవరైనా చనిపోతే, ఆ ఏజెంటు మీద రాష్ట్రం హత్య కేసు పెట్టగలదా? 2025 నుంచి వలస అరెస్టుల గొడవల్లో ఈ రెండో ప్రశ్నే వినిపిస్తోంది. ఒక పక్షం "ఫెడరల్ అధికారిని రాష్ట్రం ముట్టుకోలేదు" అంటుంది, ఇంకో పక్షం "చట్టం ముందు అందరూ ఒకటే" అంటుంది. రెండు మాటలూ సగం సగం నిజాలే. నా ఉద్దేశంలో ఈ రెండు ప్రశ్నలనూ విడదీసి చూడటం వల్లే గందరగోళం పుడుతోంది. అధికారి ఏ చట్టం చేతపట్టుకుని అరెస్టు చేశాడన్నదాన్ని బట్టే తర్వాత ఆయనకు దొరికే రక్షణ ఉంటుంది. రాష్ట్ర నేరానికి రాష్ట్ర అధికారంతో ఒకరిని పట్టుకున్నప్పుడు ఫెడరల్ గొడుగు కొంత పక్కకు జరుగుతుంది.

ఫెడరల్ అధికారం ముక్కలు ముక్కలుగా ఉంటుంది

అమెరికాలో అన్ని ఫెడరల్ నేరాలనూ చూసుకునే ఒకే పోలీసు శాఖ లేదు. ఒక్కో ఏజెన్సీకి కాంగ్రెస్ ఒక్కో సెక్షన్ రాసిచ్చింది. ఎఫ్‌బీఐకి ఫెడరల్ చట్టాల సంపుటి (యూఎస్ కోడ్)లో 18వ టైటిల్, అంటే 18వ భాగం, 3052 సెక్షన్, మార్షల్స్‌కు (ఫెడరల్ కోర్టుల భద్రత చూసే అధికారులకు) 3053, తపాలా ఇన్‌స్పెక్టర్లకు 3061. డీఈఏకి 21వ టైటిల్ 878. వలస అధికారులకు 8వ టైటిల్ 1357. కస్టమ్స్ వాళ్ళకు 19వ టైటిల్ 1589ఎ. మాటల్లో తేడాలున్నా అచ్చు దాదాపు ఒకటే: అమెరికా సంయుక్త రాష్ట్రాల చట్టానికి విరుద్ధమైన నేరం కళ్ళముందు జరిగితే వారంటు లేకుండా పట్టుకోవచ్చు, ఫెడరల్ ఫెలనీ, అంటే ఏడాదికి మించి శిక్ష పడగల నేరం, జరిగిందనడానికి సహేతుకమైన కారణం ఉంటే కళ్ళముందు జరగకపోయినా పట్టుకోవచ్చు. వలస అధికారులకు ఇంకో బిగింపు ఉంది. వలసతో సంబంధంలేని ఫెడరల్ నేరానికి పట్టుకోవాలంటే ఆ సమయంలో వలస విధుల్లోనే ఉండాలి, వారంటు తెచ్చేలోగా మనిషి పారిపోయే అవకాశం ఉండాలి.

ఈ సెక్షన్లలో "రాష్ట్ర నేరం" అనే మాట కనిపించదు. మార్షల్స్ సంగతి కొంచెం వేరు. 28వ టైటిల్ 564 ప్రకారం ఫెడరల్ చట్టాలను అమలు చేసేటప్పుడు వాళ్ళకు ఆ రాష్ట్ర షెరీఫ్‌కు (కౌంటీ పోలీసు అధిపతికి) ఉండే అధికారాలే ఉంటాయి. ఈ చిన్న వాక్యం 1890లో ఎంత పని చేసిందో కిందకు వెళ్ళాక చూద్దాం.

అధికారం లేకుండా అరెస్టు చేస్తే కేసు కొట్టేస్తారా? చాలామంది అవుననుకుంటారు. 1948లో డి రే కేసులో, వారంటు లేని అరెస్టు చెల్లుతుందా లేదా అన్నది, ఫెడరల్ శాసనం ఏదీ చెప్పనప్పుడు, అరెస్టు జరిగిన రాష్ట్ర చట్టాన్ని బట్టే తేలాలని సుప్రీంకోర్టు అంది. అయితే 2008లో వర్జీనియా వర్సెస్ మూర్ కేసులో, నేరం జరిగిందనడానికి తగిన కారణం ఉన్నప్పుడు, రాష్ట్ర చట్టం ఆ అరెస్టుకు ఒప్పుకోకపోయినా అకారణ అరెస్టు, సోదాల నుంచి కాపాడే రాజ్యాంగ నాలుగో సవరణకు భంగం కలగదని తేల్చింది. అప్పుడు దొరికిన సాక్ష్యం కోర్టులో నిలబడింది. అంటే అధికారం లేని అరెస్టు నిందితుణ్ణి బయటపడేయకపోవచ్చు. దాని దెబ్బ అధికారి మీద పడుతుంది, అక్రమ నిర్బంధం దావా రూపంలో.

రాష్ట్రాలు ఇచ్చే అధికారం

ఈ ఖాళీని పూడ్చడానికి చాలా రాష్ట్రాలు సొంత శాసనాలు చేశాయి. ఏ రెండూ ఒకలా ఉండవు. అందుకే "అమెరికాలో ఫెడరల్ అధికారి రాష్ట్ర నేరానికి అరెస్టు చేయొచ్చా" అనే ప్రశ్నకు ఒక్క జవాబు లేదు.

టెక్సస్ తీరు జాబితా తీరు. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో పాత 2.122 అధికరణం 2025 జనవరి 1 నుంచి 2ఎ అధ్యాయంలోకి మారింది. అందులో ఎఫ్‌బీఐ, సీక్రెట్ సర్వీస్, డీఈఏ, ఏటీఎఫ్ (మద్యం, పొగాకు, ఆయుధాల నేరాలు చూసే సంస్థ), మార్షల్స్ వంటి ఏజెన్సీలను పేరుపేరునా రాసి, వీళ్ళు శాంతిభద్రతల అధికారులు కారు గాని రాష్ట్ర ఫెలనీల విషయంలో అరెస్టు, సోదా, జప్తు అధికారాలు ఉంటాయని చెప్పారు. మన గ్యాస్ స్టేషన్ ఏజెంటుకు జవాబు ఇక్కడ దొరికింది. ప్రాణాంతక ఆయుధంతో దాడి ఫెలనీ, డీఈఏ జాబితాలో ఉంది.

అదే ఏజెంటు హైవే మీద అడ్డదిడ్డంగా పోతున్న కారును చూశాడనుకోండి. తాగి నడపడం టెక్సస్‌లో మొదటిసారి అయితే క్లాస్ బి మిస్డిమీనర్, అంటే ఫెలనీ కన్నా చిన్న నేరం. మూడోసారి అయితే ఫెలనీ. పదిహేనేళ్ళలోపు పిల్లలు కారులో ఉంటే మొదటిసారైనా ఫెలనీయే. వెనక కారులోంచి చూసే అధికారికి ఇందులో ఏదో ఎలా తెలుస్తుంది? తెలియదు. సరిహద్దు అధికారులకు ఇదే శాసనంలో ఒక ప్రత్యేక ఏర్పాటు ఉంది: దేశంలోకి వచ్చే ద్వారాల దగ్గర, శాశ్వత బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టుల దగ్గర, తాగి నడిపే నేరాలకు మనిషిని ఆపి ఉంచి, ఆలస్యం చేయకుండా స్థానిక పోలీసుకు అప్పగించవచ్చు. చెక్‌పోస్టు దాటి నాలుగు మైళ్ళు పోయాక ఆ వెసులుబాటు ఉండదు. అక్కడ మిగిలేది 14.01 అధికరణం. ఫెలనీ గాని ప్రజాశాంతికి భంగం కలిగించే నేరం గాని కళ్ళముందు జరిగితే ఏ మనిషైనా పట్టుకోవచ్చునని అది చెబుతుంది. అంటే ఆ క్షణంలో ఆయన బ్యాడ్జి ఉన్న మామూలు పౌరుడు.

కాలిఫోర్నియా దారి వేరు. పీనల్ కోడ్ 830.8 ఏజెన్సీల పేర్లు రాయదు, సందర్భాలు రాస్తుంది. రాష్ట్ర పోలీసు ఏయే పరిస్థితుల్లో అరెస్టు చేయగలడో ఆ పరిస్థితులు ఒకటి. మానసిక స్థితి బాగోలేక తనకో ఇతరులకో ప్రమాదకరంగా ఉన్న మనిషిని 72 గంటల పరిశీలనకు తీసుకెళ్ళే 5150 నిబంధన కూడా ఇందులోకే వస్తుంది. ఫెడరల్ నేర చట్టం అమలు చేస్తూ అనుబంధంగా చేసే అరెస్టు ఇంకోటి. స్థానిక ఏజెన్సీ పిలిస్తే కలిసి పనిచేయడం మూడోది. మనుషులకో ఆస్తికో తక్షణ ప్రమాదం కలిగించే నేరం అప్పుడే జరిగినా, జరుగుతూ ఉన్నా నాలుగోది. వీటికి ముందు ఒక షరతుంది, దాన్నే చాలామంది మరిచిపోతారు: రాష్ట్రం 832 సెక్షన్‌లో పెట్టిన శిక్షణ గాని దానికి సమానమైనది గాని ఈ అధికారి పూర్తి చేశాడని ఆయన ఏజెన్సీ అధిపతి ముందే ధ్రువీకరించి ఉండాలి. ఆ కాగితం ఫైల్లో లేకపోతే ప్రతివాది లాయరు మొదట పట్టుకునేది అదే. 2017లో ఇదే కోడ్‌లో 830.85 చేర్చి, ఐస్ (ఫెడరల్ వలస చట్టాల అమలు సంస్థ) అధికారులు, కస్టమ్స్-సరిహద్దు అధికారులు కాలిఫోర్నియా శాంతిభద్రతల అధికారులు కారని మళ్ళీ పేర్లతో సహా రాశారు.

న్యూయార్క్ కూడా టెక్సస్‌లాగే జాబితా పద్ధతి, క్రిమినల్ ప్రొసీజర్ లా 2.15. జాబితాలో లేని ఏజెన్సీ అధికారి అక్కడ 140.30 కిందకు, అంటే పౌర అరెస్టు కిందకు పోవాలి. అందులో ఒక ఉచ్చు ఉంది. కళ్ళముందు జరగని ఫెలనీకి పౌరుడు పట్టుకుంటే, పట్టుబడినవాడు ఆ నేరం నిజంగానే చేసి ఉండాలి. "చేశాడని నమ్మడానికి కారణం ఉంది" అంటే సరిపోదు. పోలీసు పొరపాటును చట్టం మన్నిస్తుంది, పౌరుడి పొరపాటును మన్నించదు. ఫ్లోరిడాలో 901.1505 హింసతో కూడిన నేరం, అదీ అధికారి విధుల్లో ఉండగా కళ్ళముందు జరిగినప్పుడు అనే దగ్గర ఆగుతుంది. పౌర అరెస్టు అన్నిచోట్లా ఉందనుకోవడమూ తప్పే. జార్జియా 2021లో ఆ పాత చట్టాన్ని రద్దు చేసింది.

ఇక అరెస్టయ్యాక జరగాల్సిన పని. స్థానిక పోలీసుకు వెంటనే ఫోన్ చేసి, సంకెళ్ళు వేసిన సమయం, అప్పగించిన సమయం రెండూ రాసుకోవాలి. రాష్ట్ర నేరం మీద పట్టుకున్న మనిషిని ఫెడరల్ ఆఫీసుకు తీసుకెళ్ళి గంటల తరబడి ప్రశ్నించడమే అన్నిటికన్నా పెద్ద తప్పు. వారంటు లేని అరెస్టు ఎవరిదైనా 48 గంటల్లోపు తగిన కారణం ఉందో లేదో న్యాయాధికారి చూడాలని 1991లో రివర్‌సైడ్ కౌంటీ కేసు చెప్పింది. ఆ గడియారం అప్పగించినప్పటి నుంచి కాదు, పట్టుకున్నప్పటి నుంచి తిరుగుతుంది. బుకింగ్ స్థానిక జైల్లో, అభియోగం కౌంటీ ప్రాసిక్యూటర్ చేతిలో. ఫెడరల్ అధికారి అక్కడ సాక్షి మాత్రమే.

సాక్షిగా రావడం దగ్గర ఇంకో చిక్కు. ఫెడరల్ ఉద్యోగిని రాష్ట్ర కోర్టు సమను పంపి నేరుగా రప్పించలేదు. 1951 నాటి టూయీ తీర్పు నుంచి వచ్చిన నిబంధనల ప్రకారం ఏజెన్సీ ముందు అనుమతించాలి. ఏం సాక్ష్యం కావాలో, ఎందుకో ప్రాసిక్యూటర్ రాతపూర్వకంగా అడగాలి. విచారణ తేదీ దగ్గరపడ్డాక అడిగితే అనుమతి సమయానికి రాదు, కేసు వీగిపోతుంది. చిన్న కేసులు ఇలాగే పోతాయి, పెద్ద కారణాలేమీ అక్కర్లేదు.

పరిహారం దావాల్లో రక్షణ

ఇక్కడ అధికారికి గట్టి రక్షణే ఉంది. 1988 నాటి వెస్ట్‌ఫాల్ చట్టం ప్రకారం, ఆ పని ఉద్యోగ పరిధిలోనే జరిగిందని అటార్నీ జనరల్ తరఫున ధ్రువీకరిస్తే, ప్రతివాదిగా అధికారి పేరు పోయి అమెరికా ప్రభుత్వం పేరు వస్తుంది. ఆ ధ్రువీకరణను కోర్టు పరీక్షించవచ్చని 1995లో లమాన్యో కేసు చెప్పింది. ఉద్యోగ పరిధి అంటే ఏమిటో తేల్చేది మళ్ళీ ఆయా రాష్ట్ర చట్టమే.

గ్యాస్ స్టేషన్ దగ్గర ఆగిన ఏజెంటుకు ఇక్కడే భయం ఉండేది. కత్తిపోట్లు ఆపడం డీఈఏ ఉద్యోగ పరిధా? కాదంటే ఇల్లు అమ్మి పరిహారం కట్టాలి. అందుకే కాంగ్రెస్ 1998 అక్టోబరులో, 105-277 పబ్లిక్ లా 627 సెక్షన్‌గా, ఫెడరల్ అధికారుల గుడ్ సమారిటన్ చట్టం తెచ్చింది. తన సమక్షంలో హింసాత్మక నేరం నుంచి ఒకరిని కాపాడటానికి, గాయపడినవారికో గాయపడే ప్రమాదంలో ఉన్నవారికో వెంటనే సాయం చేయడానికి, తన ముందే హింసాత్మక నేరం చేసినవాడు పారిపోకుండా ఆపడానికి సహేతుకంగా ఏం చేసినా, బలప్రయోగంతో సహా, అది ఉద్యోగ పరిధిలోనిదే అని లెక్క.

ఈ చట్టం మొదటి వాక్యాన్ని జాగ్రత్తగా చదవాలి. అది పరిహార బాధ్యతకు సంబంధించిన చట్టాల కోసం మాత్రమే అలా లెక్కిస్తుంది. నేర విచారణ గురించి ఒక్క అక్షరం కూడా లేదు. దొంగతనాన్ని ఆపడం, తాగి నడిపేవాణ్ణి ఆపడం కూడా మొదటి చూపులో ఇందులో పడవు. రెండో అంశం కింద, ఎవరికైనా గాయమయ్యే ముప్పు ఉందని చూపగలిగితేనే. అధికారులకు శిక్షణ ఇచ్చేచోట ఈ రెండు హద్దులూ నొక్కి చెప్పాలని గట్టిగా అనుకుంటాను, ఎందుకంటే "మనకు సమారిటన్ చట్టం ఉందిలే" అనే ధైర్యం దీని పరిధి దాటి పోతుంటుంది. రాష్ట్ర శాసనాల్లో విడిగా రక్షణ ఉంటే అది అదనం. కాలిఫోర్నియా 847 సెక్షన్ 830.8 అధికారుల పేరు ఎత్తి మరీ, అరెస్టు చట్టబద్ధమని నమ్మడానికి సహేతుక కారణం ఉంటే అక్రమ నిర్బంధం దావా నిలవదని చెబుతుంది.

ప్రభుత్వం మీద దావా వేసినప్పుడు సుప్రిమసీ క్లాజును, అంటే రాష్ట్ర చట్టం కన్నా ఫెడరల్ చట్టమే మిన్న అనే రాజ్యాంగ నిబంధనను, అడ్డం పెట్టే ప్రయత్నం కూడా జరిగింది. 2017లో అట్లాంటాలో ఎఫ్‌బీఐ బృందం తప్పు ఇంటి మీద దాడి చేసింది. ఆ మార్టిన్ కేసులో 2025 జూన్ 12న, పరిహారం దావాల్లో ప్రభుత్వానికి ఆ క్లాజు రక్షణ కాదని సుప్రీంకోర్టు తేల్చింది. క్రిమినల్ కేసుల కోసం పుట్టిన రక్షణను సివిల్ దావాల్లోకి లాక్కురావడం దాంతో ఆగింది.

రాజ్యాంగ హక్కుల ఉల్లంఘనకు అధికారి మీదే నేరుగా వేసే బివెన్స్ దావా 1971లో పుట్టింది, 2022లో ఎగ్బర్ట్ తీర్పుతో దాదాపు మూతపడింది. ఆ తలుపును రాష్ట్ర చట్టంతో తెరవాలని ఇల్లినాయ్ 2025 డిసెంబరులో తన సొంత బివెన్స్ చట్టం చేసింది.

క్రిమినల్ కేసు పెడితే

1889 ఆగస్టు 14. కాలిఫోర్నియాలో లాత్రాప్ స్టేషన్ భోజనశాల. సుప్రీంకోర్టు జస్టిస్ స్టీఫెన్ ఫీల్డ్ టిఫిను తింటున్నాడు. ఆయన మీద పగబట్టిన డేవిడ్ టెర్రీ, ఒకప్పటి కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి, వెనకనుంచి వచ్చి కొట్టాడు. కాపలాగా వచ్చిన డిప్యూటీ మార్షల్ డేవిడ్ నీగల్ టెర్రీని కాల్చి చంపాడు. స్థానిక అధికారులు నీగల్‌ను హత్య నేరం మీద అరెస్టు చేశారు. ఫెడరల్ కోర్టు హెబియస్ కార్పస్ ఇచ్చి విడిపించింది, 1890లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది.

రాష్ట్ర క్రిమినల్ కేసు నుంచి సుప్రిమసీ క్లాజు రక్షణ (ఇమ్యూనిటీ) దొరుకుతుందా అని తేల్చడానికి అప్పుడు పుట్టిన పరీక్షే ఈనాటికీ నడుస్తోంది. రెండు అంశాలు. ఒకటి, ఆ పని చేయడానికి ఫెడరల్ చట్టం అతనికి అధికారమిచ్చిందా. రెండు, అవసరమైనంత, తగినంత మేరకే చేశాడా. కోర్టులు రెండోదాన్ని మళ్ళీ రెండుగా చూస్తాయి: చేయక తప్పదని అధికారి మనసులో నిజంగా నమ్మాడా, ఆ నమ్మకం సహేతుకమేనా.

నీగల్ కేసులో మొదటి అంశమే కష్టమైంది. న్యాయమూర్తులకు కాపలా కాయమని ఏ శాసనమూ లేదు. చట్టాలు సక్రమంగా అమలయ్యేలా చూడాల్సిన అధ్యక్షుడి బాధ్యతలోనే అది ఉందని కోర్టు అంది. అంతటితో ఆగకుండా, పైన చెప్పిన మార్షల్-షెరీఫ్ సెక్షన్ పాత రూపాన్ని కూడా పట్టుకుంది: కాలిఫోర్నియా షెరీఫ్ హత్యను ఆపగలడు కాబట్టి మార్షల్ కూడా ఆపగలడు. ఫెడరల్ రక్షణకు పునాది వేసిన తీర్పే రాష్ట్ర అధికారాన్ని అరువు తెచ్చుకుంది! ఆ అరువు సెక్షన్ మార్షల్స్‌కు ఉంది. డీఈఏకి, ఐస్‌కు లేదు. రాష్ట్ర నేరాన్ని ఆపబోయి కాల్పులు జరిపిన ఏజెంటు నీగల్ మొదటి మెట్టు మీదే ఎందుకు తడబడతాడో ఇప్పుడు తెలుస్తుంది. ఫెడరల్ విధిలో ఉండి కాల్చినవాడికి ఆ మెట్టు సులువు.

రెండో మెట్టు మీద వాస్తవాలే తీర్పు చెబుతాయి. 1906లో డ్రూరీ వర్సెస్ లూయిస్. పిట్స్‌బర్గ్ ఆయుధాగారం నుంచి రాగి దొంగిలించాడన్న మనిషిని సైనికులు కాల్చారు. అతను అప్పటికే లొంగిపోయాడని కొందరు సాక్షులు చెప్పారు. వాస్తవం మీద గట్టి వివాదం ఉంది కాబట్టి రాష్ట్ర విచారణను ఆపబోమని సుప్రీంకోర్టు అంది. 2006లో వ్యోమింగ్ వర్సెస్ లివింగ్‌స్టన్. తోడేళ్ళకు రేడియో కాలర్లు కడుతూ వన్యప్రాణి శాఖ వాళ్ళు ప్రైవేటు భూమిలో అడుగుపెట్టారు, అక్రమ ప్రవేశం కేసు పెట్టారు. పొరపాటు సహేతుకం, పని విధిలోనిది, కేసు కొట్టేశారు.

రూబీ రిడ్జ్ ముట్టడి కేసు అన్నిటికన్నా కఠినమైనది. 1992 ఆగస్టు 22న ఐడహోలో ఎఫ్‌బీఐ స్నైపర్ లాన్ హోరియుచి కాల్చిన తూటా తలుపు వెనక పసిబిడ్డను ఎత్తుకుని నిలబడిన తల్లిని చంపింది. 1997లో కౌంటీ ప్రాసిక్యూటర్ అనుద్దేశపూర్వక నరహత్య అభియోగం పెట్టారు. కింది కోర్టు కొట్టేసింది. 2001 జూన్‌లో తొమ్మిదో సర్క్యూట్ (ఫెడరల్ అప్పీలు కోర్టు) విస్తృత ధర్మాసనం 6-5 తేడాతో విచారణ జరగాల్సిందే అంది. అదే నెలలో కొత్తగా వచ్చిన ప్రాసిక్యూటర్ కేసు వదులుకున్నారు, తర్వాత ఆ తీర్పు కూడా రద్దయింది. ఒక ఆడమనిషి ప్రాణం విషయంలో దేశంలోని పెద్ద జడ్జీలు ఒక్క ఓటు తేడాతో చీలారంటే, "పూర్తి రక్షణ ఉంది" అని ఎవరు చెప్పినా నమ్మలేం.

కేసు నడిచే క్రమం ఇదీ. రాష్ట్రం అభియోగం పెడుతుంది. 28వ టైటిల్ 1442 కింద అధికారి దాన్ని ఫెడరల్ కోర్టుకు మార్చమంటాడు. గడువు 1455లో ఉంది: రాష్ట్ర కోర్టులో అభియోగం చదివి వినిపించిన నాటి నుంచి 30 రోజులు, లేదా విచారణ మొదలయ్యేలోపు, ఏది ముందైతే అది. మార్పిడికి కారణాలన్నీ ఆ నోటీసులోనే రాయాలి. దరఖాస్తు పెట్టినంత మాత్రాన రాష్ట్ర కోర్టు ఆగనక్కర్లేదు, శిక్ష ఖరారు చేయకూడదంతే. ఫెడరల్ రక్షణ ఏదో ఒకటి, పైకి నిలబడగలిగేది, చూపించాలి. 1989లో మీసా కేసులో తపాలా డ్రైవర్లు ఇద్దరు అలాంటిదేమీ చూపలేక రాష్ట్ర కోర్టుకే తిరిగి వెళ్ళారు. అందులో ఒకరి మీద ఉన్నది సైకిలిస్టు మరణం కేసు. ప్రభుత్వ బండి నడుపుతున్నంత మాత్రాన సరిపోదు.

కేసు ఫెడరల్ కోర్టుకు మారాక జడ్జి సాక్ష్యం విని ఇమ్యూనిటీ ఉందో లేదో ముందే తేలుస్తాడు. ఉంటే కేసు ముగిసినట్టే. లేకపోతే అదే కోర్టులో, రాష్ట్ర ప్రాసిక్యూటర్ వాదిస్తుండగా, రాష్ట్ర నేర చట్టం కిందే విచారణ. అరిజోనా వర్సెస్ మెనీపెనీ అనే 1981 తీర్పు దీనికి మంచి ఉదాహరణ: బోర్డర్ పెట్రోల్ ఏజెంటును ఫెడరల్ కోర్టులో జ్యూరీ రాష్ట్ర చట్టం కింద దోషి అంది, జడ్జి ఆ తర్వాత నిర్దోషిగా ప్రకటించాడు, దాని మీద అప్పీలు చేసుకునే హక్కు రాష్ట్రానికి ఉందని సుప్రీంకోర్టు అంది. దోషిగా తేలితే అధ్యక్షుడి క్షమాభిక్ష పనికిరాదు. రాజ్యాంగం ఆ అధికారాన్ని అమెరికా సంయుక్త రాష్ట్రాల మీద జరిగిన నేరాలకే ఇచ్చింది. లాయరు ఖర్చును న్యాయశాఖ భరించాలంటే 28 సీఎఫ్ఆర్ (ఫెడరల్ నిబంధనల సంపుటి) 50.15 కింద ఏజెన్సీ ద్వారా అడగాలి. పని ఉద్యోగ పరిధిలోనిదేనా, అతన్ని సమర్థించడం ప్రభుత్వానికి మేలా అని రెండూ చూసి ఇస్తారు. అది హక్కు కాదు.

రాష్ట్రాల వైపు ఓడిపోయే చోటు మాత్రం చట్టం కన్నా ముందే వస్తుంది: సాక్ష్యం. తుపాకి, తూటా కేసులు, వీడియో అన్నీ ఫెడరల్ చేతుల్లో ఉంటాయి. 2026 జనవరి 7న మినియాపోలిస్‌లో ఐస్ అధికారి కాల్పుల్లో ఒక మహిళ చనిపోయినప్పుడు, కలిసి దర్యాప్తు చేయాలనుకున్న రాష్ట్ర నేర విభాగం, సాక్ష్యాలు చూసే వీల్లేకుండా పోయిందని చెప్పి తప్పుకుంది. అలాంటప్పుడు రాష్ట్రానికి మిగిలేవి సాక్షుల ఫోన్లు, చుట్టుపక్కల కెమెరాలు, శవపరీక్ష. వాటిని మొదటి రోజే సేకరించకపోతే దొరకవు.

సంఘటనా స్థలంలోనే రాష్ట్ర పోలీసు ఫెడరల్ ఏజెంటుకు బేడీలు వేయడం గురించి 2025లో చాలా మాటలు నడిచాయి. అలా చేస్తే ఊరుకోబోమని డిప్యూటీ అటార్నీ జనరల్ టాడ్ బ్లాంచ్ ఆ అక్టోబరులో కాలిఫోర్నియా నేతలకు లేఖ రాశారు. ఆ రాజకీయం పక్కన పెట్టినా, రోడ్డు మీద బేడీలు మంచి ఆలోచన కాదు. ఫెడరల్ అధికారిని బలప్రయోగంతో అడ్డుకోవడం 18వ టైటిల్ 111 కింద నేరం. ఒంటి మీద చేయి పడితే 8 ఏళ్ళ దాకా, ఆయుధంతో అయితే 20 ఏళ్ళ దాకా శిక్ష. రెండు వైపులా తుపాకులున్న చోట తేల్చుకునే విషయం కాదిది. పేరు, ఏజెన్సీ నమోదు చేసుకుని, సాక్ష్యం భద్రపరిచి, తర్వాత జడ్జి సంతకంతో వారంటు తేవడం నిలబడే దారి.

మన దగ్గర ఈ తాళంచెవి ఇంకొకరి చేతిలో ఉంది. బీఎన్‌ఎస్‌ఎస్ 218 కింద, పాత సీఆర్‌పీసీ 197 స్థానంలో వచ్చింది, ఉన్నత ప్రభుత్వోద్యోగిని విధి నిర్వహణలో చేసిన పనికి విచారించాలంటే ప్రభుత్వమే ముందు అనుమతించాలి. 120 రోజుల్లో తేల్చకపోతే ఇచ్చినట్టే లెక్క. అమెరికాలో ఆ పని జడ్జిది, బహిరంగ కోర్టులో, సాక్ష్యం విన్నాక. అరెస్టు వైపు చూస్తే, కేంద్ర సంస్థకు రాష్ట్ర సమ్మతి కావాలనే సూత్రం మనకూ కొత్త కాదు. సీబీఐకి ఇచ్చిన సాధారణ సమ్మతిని ఆంధ్రప్రదేశ్ 2018లో వెనక్కి తీసుకుని 2019లో మళ్ళీ ఇచ్చింది, తెలంగాణ 2022లో వెనక్కి తీసుకుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకు

డాలస్, హ్యూస్టన్, ఫ్రీమాంట్, ఎడిసన్‌లలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువాళ్ళు ఫెడరల్ అధికారి ఆపితే ముందు గమనించాల్సింది ఏజెన్సీ పేరు. చొక్కా మీద "పోలీస్" అని ఉండటం ఏమీ చెప్పదు. వలస అరెస్టు అయితే, వీలైన వెంటనే తాను ఎవరో, ఎందుకు పట్టుకుంటున్నాడో చెప్పాలని 8 సీఎఫ్ఆర్ 287.8 అధికారిని ఆదేశిస్తుంది. చేతులు కనపడేలా ఉంచి అడగండి. పెనుగులాట వద్దు, 111 సెక్షన్ మీకూ వర్తిస్తుంది. పద్దెనిమిదేళ్ళు దాటిన విదేశీయులు ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు) గాని గ్రీన్ కార్డు గాని దగ్గర పెట్టుకోవాలన్నది చట్టం.

రాష్ట్ర నేరం పేరుతో ఫెడరల్ అధికారి ఆపితే, స్థానిక పోలీసును ఎప్పుడు పిలిచారు, ఎప్పుడు అప్పగించారు, అరెస్టు రిపోర్టులో ఏ సెక్షన్ రాశారు అనే మూడు విషయాలు మీ లాయరుకు మొదటి రోజే చెప్పండి. ఆ రాష్ట్రంలో ఆ ఏజెన్సీకి ఆ నేరం మీద అధికారం ఉందా అని ఆయన శాసనం తీసి చూడాలి. తాగి నడిపిన కేసుల్లో దీని విలువ ఎక్కువ. శిక్ష పడకపోయినా, అరెస్టు రికార్డు ఆధారంగానే వీసా స్టాంపు రద్దు చేసే పద్ధతి విదేశాంగ శాఖకు ఉంది. దేశం దాటి తిరిగి రావాలనుకున్నప్పుడు అది అడ్డం వస్తుంది.

అక్రమ నిర్బంధానికి పరిహారం కోరాలంటే నేరుగా కోర్టుకు పోతే దావా కొట్టేస్తారు. ముందు ఎస్ఎఫ్-95 ఫారం నింపి ఆ ఏజెన్సీకే ఇవ్వాలి, సంఘటన జరిగిన రెండేళ్ళలోపు. వాళ్ళకు ఆరు నెలల సమయం. తిరస్కరిస్తే, ఆ ఉత్తరం పంపిన తేదీ నుంచి ఆరు నెలల్లో ఫెడరల్ కోర్టులో వేయాలి. పోస్టులో పంపినంత మాత్రాన ఇచ్చినట్టు కాదు, ఏజెన్సీకి చేరిన తేదీయే లెక్క. అందుకని రసీదు వచ్చేలా పంపండి. పరిహారం గడిలో "తర్వాత చెబుతాను" అని రాసినా, ఖాళీగా వదిలినా దాన్ని క్లెయిముగానే లెక్కించరు. వైద్య ఖర్చులు, పోయిన జీతం, లాయరు చెప్పిన ఇతర నష్టం కూడి ఒకే అంకె వేయాలి. కొత్తగా బయటపడ్డ సాక్ష్యమో, తర్వాత తలెత్తిన పరిణామమో ఉంటే తప్ప, కోర్టులో ఆ అంకెను మించి అడగడానికి వీల్లేదు.